చాటింపు పడ్డాక

బుధవారం పొద్దున్నే పలమనేరు నుంచి ట్రంక్ కాల్ వచ్చినప్పుడు ఏకాంబరం పళ్ళు తోముకుంటున్నాడు. ఫోను ఉండేది పక్కనున్న బట్టల అంగట్లో. నోట్లో పళ్ళపొడి నురగతోనే పరిగెత్తాడు.

"రేప్పొద్దు మునిగేలోగా పటాలు గోడకుండాల" అని అటునుంచి గోవిందయ్య అరిచాడు. ఆయన పలమనేరులో కొత్తగా హోటలు పెడుతున్నాడు. "ఎల్లుండి తెల్లారుజామున ముహూర్తం. మీ మనిషే వచ్చి తగిలించాల. రాత్రికి ఈడే పండుకుంటాడు, హారతి అయినాక పంపిస్తా."

"అట్లే, అట్లే" అని ఫోను పెట్టేసి, రెండడుగులు వేశాక, ఏకాంబరం నడిరోడ్డులో ఆగిపోయాడు. రాత్రే గంగమ్మ జాతర చాటింపు పడింది.

చాటింపు పడిందంటే తిరుపతిలో పుట్టిన ఎవరైనా సరే, మళ్ళీ మంగళవారం జాతర జరిగి ముగిసేదాకా పొలిమేర బయట రాత్రి నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడ తిరిగినా చీకటి పడేసరికి ఇల్లు చేరాలి. బయటివాళ్ళు ఊళ్ళో చుట్టాలింటికి వచ్చినా రాత్రి ఉండకూడదు. కొండకు వచ్చే యాత్రికులకు మాత్రం ఈ కట్టు లేదు, వాళ్ళది వేరే దేవుడి లెక్క. ఇదంతా చంటిబిడ్డలకు కూడా తెలుసు. అంగట్లో అరవ క్యాలెండరు తలమీదే వేలాడుతోంది. చిత్తిర నెల ఆఖరి మంగళవారం చాటింపని దాన్ని చూసి చెప్పొచ్చు. ఏకాంబరం చూడలేదు. జాతర ఆ పై వారమనుకుని ఆర్డరు ఒప్పుకున్నాడు. తప్పు తనదే. తప్పు తనదైనప్పుడు మనిషికి వచ్చే కోపం మామూలు కోపం కంటే చెడ్డది.

గాంధీ రోడ్డులో ఏకాంబరానిది పటాల అంగడి. ముందువైపు అంగడి, వెనక ఇల్లు. లోపలికి వచ్చేసరికి బావమరిది బాలసుబ్రమణ్యం ఫ్యాను కింద గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. మూలన కుప్పయ్య ఫ్రేములకు మేకులు కొడుతున్నాడు. తెల్లవారుజామున జాతర మొక్కుకు బైరాగి వేషం కట్టి గంగమ్మను మొక్కి వచ్చాడేమో, స్నానం చేసినా చెవుల వెనక, ఒంటికి పూసుకున్న నామకొమ్ము సుద్ద తెల్లగా అలాగే ఉంది. బల్ల దగ్గర చిన్నబ్బ గోనెపట్టా మీద అద్దం పరిచి కొలుస్తున్నాడు. చిన్నబ్బ ఉంటున్న ఇంటి యజమానురాలు యశోదమ్మ తన లక్ష్మీదేవి పటానికి అద్దం పగిలితే వేయించుకుందామని వచ్చి, బల్లకు ఇవతల నిలబడి ఉంది.

"పలమనేరు పటాలతో ఎవరో ఒకరు పోవాల" అన్నాడు ఏకాంబరం. "రాత్రి ఆడ ఉండాల."

మేకులు కొట్టే చప్పుడు ఆగింది.

గోడకు ఆనించి ఉన్నాయి ఆ పటాలు. శ్రీనివాసుడిది మనిషెత్తు, టేకు ఫ్రేము. అమ్మవార్లవి రెండూ దానిలో సగం. మనిషి తోడు లేనిదే కండక్టరు అద్దాన్ని బస్సు ఎక్కనివ్వడు. ఇదివరకు ఒకసారి లారీకి వేసి పంపితే అవతల దిగింది దేవుడు కాదు, పెంకులు.

"నేనైతే పోతా బావా" అన్నాడు బాలసుబ్రమణ్యం పేపరు మడవకుండానే. "అక్కను ఒక మాటడుగు."

అక్కను అడగనక్కరలేదు. కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడి ఉంది. "సాటింపు పడినాక నా తమ్ముణ్ణి పొలిమేర దాటిస్తావా? మా నాయనకు మగబిడ్డ వాడొక్కడే. ఏమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?" అని పంకజాక్షి గ్లాసును ఠప్పున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"కుప్పయ్యా?"

"రేపు బండ వేషం మొక్కుండాది నాకు. తల నరికినా పోనన్నా" అన్నాడు కుప్పయ్య. "నువ్వే పోరాదా?"

"అంగడి మీ తాతొచ్చి సూస్తాడా?"

ఇక మిగిలింది ఒక్కడు. ఏకాంబరం అటు తిరిగాడు. చిన్నబ్బ అద్దం మీద చెక్కబద్ద పెట్టి వజ్రం ఆనించాడు. అది చిన్న పిడికి చివర వజ్రపు రవ్వ బిగించిన పనిముట్టు. గీత మొదలుపెడితే చివరిదాకా ఒక్క ఊపులో లాగాలి, నడుమ ఆపితే అద్దం తన ఇష్టం వచ్చినట్టు చీలుతుంది.

"చిన్నబ్బా, నువ్వు పోయిరాప్పా. పలమనేరు మీ ఊరే గదా."

"పుట్టింది ఆడన్నా. ఉండేది ఈడే గదా. నా బిడ్డ పుట్టింది, పెండ్లయింది అన్నీ ఈడే. మా ఆడది దేవక ఏటేటా గంగమ్మకు పొంగలి పెడతాది, నీకు తెలీనిదా?"

"పెడతాది, నేను కాదన్నానా? ఈ కట్టు ఊరోళ్ళకప్పా. నువ్వు బయటోడివి. నీకు ఏ దోషమూ రాదు."

చిన్నబ్బ చెయ్యి కదిలింది. వజ్రం కిర్రుమంటూ ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. అద్దం టిక్కుమని రెండు ముక్కలైంది, గీత మీదే. చిన్న ముక్కను పక్కన పెట్టి, అంచును గోనెతో తుడిచి, "అట్లనా అన్నా" అన్నాడు.

"అట్లే. నా అంగట్లో అందరూ ఒకటేనని నీకు తెలుసు గదా. ఏదో వీలునుబట్టి చెప్తా ఉండా."

యశోదమ్మ ఒకసారి ఏకాంబరాన్ని, ఒకసారి చిన్నబ్బను చూసింది. పటం మళ్ళీ వచ్చి తీసుకుంటానని వెళ్ళిపోయింది. ఆమె ముఖం ఎలా పెట్టుకుని వెళ్ళిందో ఏకాంబరం గమనించలేదు. పని తెమిలిందనుకుని, చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు.

*

గురువారం తొలి బస్సుకు చిన్నబ్బ పటాలతో వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కేసరికి వీధంతా బండ వేషాలు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, మెడలో పూలదండలు, చేతిలో వేపమండలు. ఈ వేషం కట్టినవాడు ఎవరినైనా, ఎంత మాటైనా తిట్టవచ్చు. తిట్టించుకున్నవాడు కోపగించుకోకూడదు, అమ్మవారి తిట్టు దీవెనతో సమానం.

కుప్పయ్య వచ్చి సరిగ్గా అంగడి ముందు నిలబడ్డాడు. ముందు బట్టల అంగడి వాడిని తిట్టాడు, ఆయన చేతులు జోడించాడు. పూలమ్మే ఆదిలక్ష్మమ్మను తిట్టాడు, ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత ఏకాంబరం వంతు. ఏకాంబరం ముందే నవ్వు ముఖం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

కుప్పయ్య మొదట ఆయన తాతముత్తాతలను, వాళ్ళ పెళ్ళాలను ముచ్చటగా తిట్టాడు. అంతవరకూ ఏటా ఉండేదే. తర్వాత వేపమండ ఎత్తి, "ఒరే! పనికి సొంతోడు, పొలిమేర కాడ బయటోడా? బామ్మర్దిని బువ్వలో దాసిపెట్టుకోని, కూలోణ్ణి గెంటినోడా! నీ కట్టు నీ ..." అని మొదలుపెట్టి ఆ వాక్యాన్ని ఎక్కడికి తీసుకుపోయాడో రాసే వీలులేదు. వీధి వీధంతా నవ్వింది. ఏకాంబరం నవ్వు ముఖం చెదరకుండా పట్టుకున్నాడు, దవడలు నొప్పి పుట్టాయి.

మధ్యాహ్నానికి కుప్పయ్య స్నానం చేసి, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు పనికి వచ్చాడు. "అన్నా, అంగుళం మేకులైపోయినాయి" అన్నాడు.

"పొద్దున నన్నేమన్నావురా?"

"నేనెప్పుడన్నాను? వేషం అనింది."

ఏకాంబరం గల్లాపెట్టె తెరిచి డబ్బులు తీశాడు. మేకులకు బాలసుబ్రమణ్యాన్ని పంపాడు. వాడు మేకులు తేవడానికి వెళ్ళి సినిమా పోస్టర్లు చూసుకుంటూ సాయంత్రానికి తిరిగి వచ్చాడు, అదీ ముప్పావు అంగుళానివి తెచ్చాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం చిన్నబ్బ తిరిగొచ్చాడు. పటాలు గీత పడకుండా చేరాయి, గోవిందయ్య సంతోషించాడు, విభూది పొట్లం పంపాడు. ఏకాంబరం ప్రాణం కుదుటపడింది. చిన్నబ్బ భోజనం చేసి బల్ల దగ్గర కూర్చుని, బాలసుబ్రమణ్యం పగలగొట్టి పెట్టిన అద్దాల్లో పనికొచ్చే ముక్కలను ఏరి చిన్న పటాలకు సరిచేశాడు. పొద్దు వాలుతుండగా లేచి చేతులు కడుక్కుని, గోనెపట్టా చుట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

అంగడికి అసలు బేరం మొదలయ్యేదే అప్పుడు. కొండ దిగిన యాత్రికులు చల్లపొద్దుకే వస్తారు, పటం కొని, అప్పటికప్పుడు ఫ్రేము కట్టించుకుని రైలెక్కుతారు.

"యాడికప్పా ఇప్పుడు?"

"చంద్రగిరికన్నా. నిన్న పలమనేరు పోతాపోతా దేవకను ఆడ వాళ్ళన్న ఇంట్లో దించినా. బయటోళ్ళం గదా, సాటింపు పడినాక ఈడ నిద్ర చేయకూడదు."

ఏకాంబరం నవ్వాడు. చిన్నబ్బ నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది. "ఏందప్పా నువ్వు. ఏదో పనికోసరం ఒక మాటంటే పట్టుకోని యాలాడతావా?"

"పట్టుకునేదేముండాదన్నా. నువ్వు చెప్పిందే చేస్తా ఉండా" అని, ఎప్పటిలాగే నమస్కారం పెట్టి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

శనివారం అంతే, ఆదివారం అంతే. తొమ్మిదికి వస్తాడు, తలవంచుకుని పని చేస్తాడు, పొద్దు వాలగానే లేస్తాడు. మాటకు మాట ఎదురు చెప్పడు, పనిలో వంక పెట్టడానికి లేదు. అరిచేవాడి మీద తిరిగి అరవొచ్చు, ఎగ్గొట్టేవాణ్ణి పట్టుకుని నిలదీయొచ్చు. చెప్పింది చెప్పినట్టు చేసి నమస్కారం పెట్టి వెళ్ళేవాణ్ణి ఏం చేయాలి? సాయంత్రాలు అంగడి ముందు జనం, లోపల అద్దం కోసేవాడు లేడు. కుప్పయ్యకు అద్దం చేతకాదు. బాలసుబ్రమణ్యానికి పగలగొట్టడం తప్ప ఏదీ చేతకాదు. ఏకాంబరమే వజ్రం పట్టుకున్నాడు. నడుమ ఎవరో ధర అడిగితే జవాబు చెప్పబోయి చెయ్యి ఆపాడు, నిలువెత్తు అద్దం నెర్రె విచ్చుకుంటూ అంచుదాకా పోయింది. సేలం నుంచి వచ్చిన ఆసామి అద్దం లేని దేవుణ్ణి చంకన పెట్టుకుని, అరవంలో ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఏకాంబరానికి ఒళ్ళు మండిపోయింది. అద్దం మీద, అరవాయన మీద, ఫ్యాను కింద పేపరు మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ నమస్కారం మీద.

సోమవారం పొద్దున చిన్నబ్బ రాగానే, "సరే పో, నువ్వు ఊరోడివే. సాలా? ఈ పొద్దు రాత్రి దాకా ఉండు" అన్నాడు, చిల్లర పారేసినట్టు.

చిన్నబ్బ కూర్చోలేదు. "నాకు చెప్పేదేంటికన్నా. యశోదమ్మకు చెప్పు."

"ఆమెకేంటికి చెప్పాల?"

"ఆమె ఇన్నది నీ నోటినుంచే. ఆ పొద్దే దేవకను పిలిచి చెప్పినాది. బయటోళ్ళ పొయ్యి ఈ ఏడు గుడికాడ మన వీధి పొంగళ్ళ వరసలో వద్దంటా. ఏకాంబరమే చెప్పినాడు, నేనూ ఇన్నాళ్ళూ అట్లే అనుకుంటా ఉండా అనిందంటా. దేవక ఆ పొద్దు అన్నం తినల్యా."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. ఏకాంబరం మాట అంగడి గడప దాటి, వీధి దాటి, చిన్నబ్బ ఇంటి వంటపొయ్యిలో నీళ్ళు పోసింది. ఏకాంబరం నోరు తెరిచాడు. యశోదమ్మ ఇంటి ముందు నిలబడి 'నేను అబద్ధం చెప్పినానమ్మా' అనడం కళ్ళముందు కనిపించింది. నోరు మూసుకున్నాడు.

"ఆడోళ్ళ మాటలు పట్టించుకుంటే యాపారం జరగదప్పా. పని సూడు" అన్నాడు.

చిన్నబ్బ పని చూశాడు. పొద్దు వాలాక లేచి, వజ్రాన్ని గుడ్డతో తుడిచి, ఏకాంబరం ముందు గల్లాపెట్టె మీద పెట్టాడు.

"జాతరైనాక ఇల్లు ఖాళీ చేస్తామన్నా. దేవక ఆ వీధిలో ఉండనంటాది. చంద్రగిరిలోనే ఏదో ఒకటి సూసుకుంటా" అన్నాడు. ఆ పూట మాత్రం నమస్కారం పెట్టలేదు.

*

ఏకాంబరం వజ్రాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. బేరానికి వచ్చిన ఇద్దరు అడిగి అడిగి వెళ్ళిపోయారు. బాలసుబ్రమణ్యం, "పోనీలే బావా, ఇంకోణ్ణి పెట్టుకుందాం" అన్నాడు. ఆ మాటతో ఏకాంబరానికి ఎక్కడో తెగింది. లేచి చొక్కా వేసుకున్నాడు.

"యాడికయ్యా?" అని పంకజాక్షి గుమ్మంలోకి వచ్చింది.

"చంద్రగిరికి."

"పొద్దు మునగతా ఉండాది! సాటింపు ..."

"నేను పోకుంటే నీ తమ్ముణ్ణి పంపిస్తావా?"

ఆమె జవాబు చెప్పేలోగా రోడ్డు మీద పడ్డాడు. బస్సు పొలిమేర దాటుతుంటే కళ్ళు మూసుకుని గంగమ్మకు దండం పెట్టుకున్నాడు. భయం లేకపోలేదు. చిన్నప్పటి నుంచి జాతర వారంలో ఒక్క రాత్రి బయట ఉండని మనిషి. అంత భయాన్ని బుధవారం పొద్దున చిన్నబ్బ చేతిలో ఎంత తేలిగ్గా పెట్టి పంపాడో బస్సులో కూర్చున్నాక తెలిసింది. సిగ్గేసింది.

చంద్రగిరిలో బస్టాండు ఎదురు సందులోనే దేవకమ్మ అన్నగారి ఇల్లు. చూరు కింద కూర్చుని ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చిన్నబ్బ కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"తప్పయిపోయింది, రాండి పోదాం" అన్నాడు ఏకాంబరం నిలబడే.

చిన్నబ్బ ఇంకో కాలి మీద నీళ్ళు పోసుకున్నాడు. దేవకమ్మే చేట పక్కన పెట్టింది. "ఈడ చెప్తే ఏమొస్తాదన్నా? నన్నీడ ఎవరూ బయటదానా అన్ల్యా. ఆ మాట అనిన కాడ చెప్పు."

"చెప్తా. రేపు పొద్దున్నే చెప్తా."

"అట్లయితే రేపు పొద్దున్నే వస్తాం. నువ్వు పో అన్నా, తిరుపతి బస్సు బయల్దేరతా ఉండాది."

నిజమే. కండక్టరు ఈల వేస్తున్నాడు. ఈ బస్సెక్కితే నిద్రవేళకు ఇంట్లో ఉంటాడు, కట్టు తప్పదు, పంకజాక్షి ఊరుకుంటుంది. పొద్దున యశోదమ్మ ముందు ఎంత తక్కువ మాట్లాడి బయటపడాలో రాత్రంతా ఆలోచించుకోవచ్చు. తన సంగతి తనకు తెలుసు. ఏకాంబరం చెప్పులు విడిచి అరుగు మీద చతికిలపడ్డాడు.

"నేనూ ఈడే పండుకుంటా" అన్నాడు.

"పొలిమేర బయటనా?" దేవకమ్మ నిజంగానే హడలిపోయింది. "వద్దన్నా, అమ్మోరితో ఆటలా!"

"చిన్నబ్బ పండుకోల్యా పలమనేరులో?"

బస్సు వెళ్ళిపోయింది. చిన్నబ్బ లోపలి నుంచి చాప తెచ్చి, దులిపి, ఏకాంబరం పక్కన వేశాడు.

*

మంగళవారం తాతయ్యగుంట గంగమ్మ గుడి చుట్టూ నేల కనిపించడం లేదు. వీధికొక వరస, ఇంటికొక పొయ్యి. గాంధీ రోడ్డు వెనక వీధి ఆడవాళ్ళంతా ఇటుకలు పేర్చి కుండలు పెడుతున్నారు. వరసకు మొదట్లో యశోదమ్మ, ఆమె పక్కన పంకజాక్షి. పంకజాక్షి కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి. చిన్నబ్బ, దేవకమ్మ వెనక నడుస్తుంటే, కొత్త కుండ తానే పట్టుకుని ఏకాంబరం ముందు వచ్చాడు.

"రాత్రి యాడుంటివి నాయనా? మీ ఆడది తెల్లార్లూ గడపలో ఎదురుచూసినాది" అంది యశోదమ్మ.

"చంద్రగిరిలో నిద్ర చేసినానమ్మా" అన్నాడు ఏకాంబరం. పొయ్యిలు రాజేస్తున్న చేతులు ఆగాయి. అయినా ఆయన ఆగలేదు. "కట్టు తప్పినోణ్ణి నేను. ఆ పొద్దు చిన్నబ్బను బయటోడన్నది నా పని గడుపుకునేదానికి. వాడు ఈ ఊరోడని తెలిసే అన్నాను. మా బావమరిదిని పంపేదానికి మనసురాక, నేను పోయేదానికి భయపడి, వాణ్ణి తోసినాను. ఇప్పుడు ఈ వరసలో నుంచి లేపాల్సింది ఎవరి పొయ్యో నువ్వే చెప్పమ్మా. దేవకదా? మా ఇంటిదా?"

యశోదమ్మ పంకజాక్షిని చూసింది. గాంధీ రోడ్డు పటాలంగడి వాళ్ళ పొయ్యిని లేపడమంటే మాటలా? ఆమె చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవసాగింది.

పంకజాక్షి లేచింది. తన ఇటుకలను కాలితో ఒక పక్కకు జరిపింది, కుండ జరిపింది, కట్టెలు జరిపింది. "రా దేవకా, ఈడ పెట్టు" అంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, "నువ్వు మాత్రం నా కండ్లముందర నిలబడొద్దు" అంది.

ఏకాంబరం ఇవతలికి వచ్చాడు. దేవకమ్మ పొయ్యి ముందు చిన్నబ్బ గొంతుక్కూర్చుని ఎండు కొబ్బరిమట్ట విరుస్తున్నాడు. ఏకాంబరం కూడా పక్కనే కూర్చున్నాడు. పొగ కళ్ళలోకి కొడుతోంది.

"రేపు అంగడికి రావాల" అన్నాడు.

చిన్నబ్బ మట్ట విరవడం ఆపాడు. "చెప్తా ఉండావా అన్నా, అడగతా ఉండావా?"

ఏకాంబరానికి చటుక్కున కోపం వచ్చింది. రాత్రంతా దోమల్లో పడుకున్నాడు, వీధి ముందు పరువు తీసుకున్నాడు, ఇంకా ఏం కావాలి వీడికి? కోపం ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగానూ దిగింది.

"అడగతా ఉండా" అన్నాడు.

"అట్లయితే దేవకనడగాల."

దేవకమ్మ కుండలోకి వంగి ఎసరు చూస్తోంది. తల ఎత్తకుండానే, "పొంగనీ అన్నా ముందు" అంది.

ఏకాంబరం కళ్ళు తుడుచుకుని, పొయ్యిలోకి ఇంకో మట్ట తోశాడు.